గట్టెక్కిన రోడ్డు

కొండల్లో నడిచే అలవాటున్నవాళ్లు నలుగురు కూడినచోట పవన విద్యుత్తు ప్రస్తావన వస్తే, మాట చాలా త్వరగా రెండు పక్షాలుగా చీలిపోతుంది. గట్టు మీద తిరిగే తెల్లటి రెక్కలు కంటబడడమే ఒక పక్షానికి అపచారం. ఆ అభ్యంతరం చెప్పడమే రెండో పక్షానికి అపచారం. భూమి వేడెక్కిపోతుంటే నీకు దృశ్యం గురించి బెంగా అని వాళ్లు నిలదీస్తారు. రెండు పక్షాల్లోనూ నాకు స్నేహితులున్నారు, ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయినా ఇద్దరూ కంటికి కనిపించేదాని చుట్టూనే తిరుగుతున్నారన్నది నా ఫిర్యాదు. నా దృష్టిలో గాలిమర కనిపించడం నడిచేవారికి కలిగే నష్టాల్లో చిన్నది, పైగా ఒక గడువున్నది. ఆ గాలిమరను పైకి చేర్చడానికి కొండను తొలిచి వేసే రోడ్డు అంతకన్నా పెద్ద నష్టం, దానికి గడువు లేదు. అనుమతులిచ్చే చట్టాలు, వాటిని ప్రశ్నించే సంఘాలు, తీర్పులు చెప్పే న్యాయస్థానాలు మొదటిదాన్ని కొలవడానికి పడిన శ్రమలో పదో వంతు కూడా రెండోదాని మీద పెట్టినట్టు కనిపించదు. గాలిమరలు వద్దనే మనిషిని కాను. అవి ఏ కొండ మీదికి, ఏ దారిన వెళ్లాలన్న ప్రశ్నను సరిగ్గా అడగాలంటాను.

అసలు గాలిమరలు కొండగట్టుల మీదికే ఎందుకు ఎగబాకుతాయో ముందు చూడాలి. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనానుపాతంలో పెరుగుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలికీ 7 మీటర్ల గాలికీ తేడా ముఖానికి తెలియకపోవచ్చు గానీ, శక్తిలో ఆ తేడా దాదాపు 59 శాతం. 8 మీటర్లకు చేరితే రెట్టింపు దాటిపోతుంది. మైదానం మీదుగా వచ్చే గాలి కొండ ఎదురయ్యేసరికి వాలు వెంట పైకెక్కి, గట్టు దగ్గర ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. కాబట్టి పెట్టుబడి పెట్టేవాడి లెక్కలో గట్టుకూ లోయకూ మధ్య ఉన్న తేడా, లాభానికీ నష్టానికీ మధ్య ఉన్న తేడాయే. విచిత్రం ఏమిటంటే, నడిచేవాళ్లను ఆ గట్టు మీదికి రప్పించేదీ ఆ గాలే. చెట్లను ఎదగనివ్వని గాలి వల్లనే అక్కడ నలుదిక్కులా చూపు ఆనుతుంది. దారి గట్టు వెంట సాగినంతసేపు రెండు లోయలూ కాళ్ల కింద ఉంటాయి. ఇద్దరూ ఒకే చోటును ఒకే కారణానికి కోరుకుంటున్నారు గనుక, ఈ తగవులో ఒకరి దురాశనో మరొకరి మూర్ఖత్వాన్నో వెతకనక్కర్లేదు.

ఇప్పుడు నేల మీద నిలబెడుతున్న గాలిమర రెక్క కొన దాకా కొలిస్తే 150 నుంచి 200 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఒక్కో రెక్క 60, 70 మీటర్ల పొడవు; దాన్ని చాలావరకు ఒకే ముక్కగా తీసుకురావలసిందే. అంత పొడవైన సరుకును మోసే వాహనం సన్నటి మలుపుల్లో తిరగలేదు కాబట్టి మలుపులన్నిటినీ వెడల్పు చేయాలి, నిటారు వాలును తొలిచి సవరించాలి. ఒక్కో యంత్రం అడుగున వందల ఘనమీటర్ల కాంక్రీటు పోయాలి, దాని పక్కన భారీ క్రేను నిలవడానికి కంకర పరిచిన చదును కావాలి. ఇదంతా ఒక్కదానికి. యంత్రాలు ఒకదాని వెనక గాలికి మరొకటి అడ్డు రాకుండా దూరదూరంగా ఉండాలి గనుక, పది యంత్రాల వరుస అంటే గట్టు పొడవునా కిలోమీటర్ల కొద్దీ సాగే ఐదు మీటర్ల వెడల్పు రోడ్డు అని అర్థం చేసుకోవాలి.

నిర్మాణం పూర్తయిన కొంతకాలానికి అలాంటి ఒక గట్టు మీద నడిచాను. పాత కాలిబాట రెండు పాదాలు పట్టేంత వెడల్పున, బండలు తగిలినచోట వాటిని చుట్టుకుంటూ, చిత్తడి నేల వచ్చినచోట కాస్త పైకి జరుగుతూ పోయేది. కొత్త రోడ్డు ఆ బాటను ఒకచోట కాదు, పలుచోట్ల అడ్డంగా కోసేసింది. కోసినచోటల్లా పైవైపున మనిషెత్తు మట్టిగోడ, అందులోంచి వేళ్లు వేలాడుతున్నాయి. కిందివైపున తవ్విపోసిన రాళ్లూరప్పలు. రోడ్డు పక్క కాలవలోని వాన నీళ్లన్నీ ఒక సిమెంటు తూములోకి చేరి, తూము అవతలి మూతి దగ్గర ఒక్కసారిగా వాలు మీదికి దూకుతున్నాయి. అంతకుముందు కొండంతా పలచగా పరుచుకుని జారిన నీళ్లే అవి. ఇప్పుడు ఒకచోటికి చేరి మోకాలి లోతు కోత కోశాయి. ఆ కోత సరిగ్గా కాలిబాటను పట్టుకుని కిందికి దిగింది. ఇక గాలిమర సంగతి చెప్పాలంటే, నిజానికి అది అందంగానే ఉంది. స్తంభం అడుగున మెట్లు, ఒక ఇనుప తలుపు, లోపల్నుంచి సన్నటి గుంయిమనే శబ్దం. రెక్క స్తంభాన్ని దాటిన ప్రతిసారీ గాలిని చీల్చిన చప్పుడు, ఆ వెంటనే గడ్డి మీదుగా నీడ. కొంతసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నా మనసులో మిగిలింది ఆ తూము మూతే.

కంటికి సంబంధించిన నష్టం లేదని నేను అనడం లేదు. దాన్ని కొలిచే పద్ధతే ఎంత అధ్వానంగా ఉందో చూస్తే, ఆ ఒక్కదాని మీదే ఆధారపడి వాదించడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2008లో పవన విద్యుత్తు అనుమతులను వేగవంతం చేస్తూ ఒక చట్టం తెచ్చింది. ప్రాధాన్యమున్న సుందర ప్రదేశం నుంచి 8 మైళ్లకు, అంటే దాదాపు 13 కిలోమీటర్లకు, అవతల ఉన్న గాలిమరల దృశ్య ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదన్నది అందులో ఒక నియమం. అప్పట్లో అక్కడ నిలబెట్టిన యంత్రాలు సుమారు 120 మీటర్ల ఎత్తువి. 13 కిలోమీటర్ల దూరంలో 120 మీటర్ల వస్తువు కంటి దగ్గర చేసే కోణం అర డిగ్రీకి కాస్త ఎక్కువ. నిండు చందమామ ఆకాశంలో ఆక్రమించేది కూడా దాదాపు అంతే. అంటే చట్టం గీసిన గీత దగ్గర గాలిమర మాయమైపోదు, చందమామంత ఉంటుంది. అదే దూరంలో 200 మీటర్ల యంత్రం దాదాపు రెండు చందమామల ఎత్తున నిలబడుతుంది. పైగా చందమామ రెక్కలాడించదు. యంత్రం ఎత్తును బట్టి పెరగని దూరపు నియమం, రాసిన నాటి యంత్రాలకే పనికొస్తుంది. ఎత్తుకు ఇన్ని రెట్ల దూరం అని రాసి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

ఇంకో లోపం అంతకన్నా మౌలికమైనది. ఎక్కడైనా సరే, దృశ్య ప్రభావ నివేదిక అంటే కొన్ని చూపుస్థానాలను ఎంచుకుని, అక్కడి నుంచి ఫొటోలు తీసి, వాటిలో కంప్యూటరు సాయంతో గాలిమరల బొమ్మలు అతికించి చూపించడమే. ఫొటో కదలదు, గాలిమర కదులుతుంది. కదిలేదాన్ని కన్ను దానంతట అదే వెతుక్కుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, కాలిబాట అనేది ఒక స్థానం కాదు. అది గంటల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి సాగే ప్రయాణం. ఫలానా శిఖరం మీద నుంచి ఎన్ని యంత్రాలు కనిపిస్తాయన్నది నివేదికలో ఉంటుంది గానీ, మొత్తం నడకలో ఎన్ని గంటలపాటు అవి కళ్లెదుట ఉంటాయన్నది ఉండదు. నా మటుకు నాకు ఆ గంటల లెక్కే అసలైన కొలత.

ఈ కొలతతో చూస్తే కొన్ని ప్రసిద్ధ ఉదాహరణలు వేరే రంగులో కనిపిస్తాయి. స్పెయిన్‌లో సాంతియాగో యాత్రామార్గం పాంప్లోనా దాటాక ఆల్తో దెల్ పెర్దోన్ అనే గట్టెక్కుతుంది. నవార్రా ప్రాంతంలో మొదటి వాణిజ్య పవన విద్యుత్కేంద్రం 1990లలో వెలిసింది ఆ గట్టు మీదే. 40 యంత్రాలు, ఒక్కొక్కటి 500 కిలోవాట్లు. దాన్ని కట్టిన సంస్థే 1996లో అక్కడ ఇనుప రేకులతో కోసిన యాత్రికుల బొమ్మల వరుసను నిలబెట్టింది. ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్లలో అక్కడ ఆగి ఫొటో దిగనివాళ్లు అరుదు. దీన్ని చూపించి, చూశారా, నడిచేవాళ్లకు గాలిమరలంటే ఇష్టమే అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన పూర్తిగా తప్పు కాదు గానీ, దానికి బలమిస్తున్న అంశాలు వేరు. సుమారు 780 కిలోమీటర్ల దారిలో అది ఒక్క పూట వ్యవహారం. ఆ దారి పొలాల మధ్య నుంచి, ఊళ్ల మధ్య నుంచి, రహదారుల పక్క నుంచి పోయేదే. వెయ్యేళ్లుగా మనుషులు మసలుతున్న నేల అది. అక్కడ గాలిమర వచ్చి చెరిపేసిన ఏకాంతం పెద్దగా లేదు.

అమెరికా పడమటి తీరాన 4,200 కిలోమీటర్లకు పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ కథా అలాంటిదే. దక్షిణ కాలిఫోర్నియాలో మొజావీ ఎడారి అంచున అది లాస్ ఏంజెలెస్‌కు నీళ్లు తీసుకుపోయే జలవాహిని వెంట నడిచి, తెహాచపీ కొండల్లో బారులు తీరిన గాలిమరల మధ్య నుంచి పైకెక్కుతుంది. నడిచేవాళ్లు అక్కడ విసుక్కునేది ఎండ గురించి, నీళ్లు దొరకకపోవడం గురించి, రాత్రి గుడారం నిలవనివ్వని గాలి గురించి. గాలిమరలను నిందించేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఆ నేల అప్పటికే కాలువలకూ రోడ్లకూ అంకితమైపోయింది.

స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గరున్న వైట్లీ మరో అడుగు ముందుకు వేసింది. 215 యంత్రాలు, 539 మెగావాట్లు, బ్రిటన్ నేల మీద అంతకన్నా పెద్ద పవన విద్యుత్కేంద్రం లేదు. దాని సేవా రోడ్లు 130 కిలోమీటర్లకు పైగా నడిచేవాళ్లకూ సైకిళ్లు తొక్కేవాళ్లకూ తెరిచి ఉన్నాయి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు బీడు నేల మధ్యకు వెళ్లగలగడం ఆ రోడ్ల పుణ్యమే. నగరానికి చేరువలో, కలప కోసం పెంచిన తోటల మధ్య, రోడ్డు రావడం ఒక లాభంగా మారిన చోటు అది. అంటే రోడ్డు ఎక్కడ వేసినా నష్టమేనని నేను అనలేను. అంతకుముందు అక్కడికి చేరడానికి నడవడం తప్ప మార్గం లేని చోట, నడవడానికే విలువ ఉన్న చోట, రోడ్డు వేస్తే పోయేది తిరిగి రాదంటాను.

అలాంటి చోట్లు మిగిలే ఉన్నాయని ఒప్పుకుని వాటికి పటం గీసిన దేశం కూడా స్కాట్లాండే. 2014లో అక్కడి ప్రకృతి పరిరక్షణ సంస్థ 42 ప్రాంతాలను 'వన్యభూములు'గా గుర్తించింది. గుర్తించడానికి వాడిన ప్రమాణాల్లో రోడ్డు నుంచి ఎంత దూరం, నడక ఎంత కష్టం, ఆధునిక నిర్మాణాలు ఎంత కనిపించవు అన్నవి ఉన్నాయి. నాకు తెలిసినంతలో నడిచేవాడి అనుభవానికి ఇంత దగ్గరగా వచ్చిన ప్రభుత్వ కొలత ఇంకోటి లేదు. అయినా పటం గీయడం వేరు, దానికి కట్టుబడడం వేరు. అదే ఏడాది మొనలియా కొండల్లోని స్ట్రోనలేర్గ్ దగ్గర 67 యంత్రాలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ముసాయిదా పటంలో ఉన్న ఆ ప్రాంతం తుది పటంలో లేదు. వన్యభూముల రక్షణకు పనిచేసే జాన్ మ్యూర్ ట్రస్టు న్యాయస్థానానికి వెళ్లి 2015లో గెలిచింది, 2016లో అప్పీలులో ఓడింది. యంత్రాలు లేచాయి. 2023లో ఆమోదించిన జాతీయ ప్రణాళిక జాతీయ పార్కుల్లోనూ జాతీయ సుందర ప్రాంతాల్లోనూ పవన విద్యుత్కేంద్రాలకు చోటు లేదని స్పష్టంగా చెప్పింది. అదే ప్రణాళిక వన్యభూముల విషయానికి వచ్చేసరికి, పునరుత్పాదక ఇంధన లక్ష్యాలకు తోడ్పడితే అనుమతించవచ్చునని తలుపు తెరిచింది. ఇందులో తర్కం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. సుందర ప్రాంతమన్నది చూపుకు సంబంధించిన హోదా, వన్యభూమి అన్నది నేలకు సంబంధించిన హోదా. చూపును కాపాడి నేలను వదిలేశారు.

విద్యుత్తు తీగల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే గాలిమరల మీద కోపంలో దీన్ని చాలామంది మరిచిపోతారు. కొండల్లో పుట్టిన కరెంటు ఊళ్లకు చేరాలంటే స్తంభాలు కావాలి. స్కాట్లాండ్‌లోనే బ్యూలీ నుంచి డెన్నీ దాకా 220 కిలోమీటర్ల లైను, దాదాపు 600 స్తంభాలు, 2010లో అనుమతి పొంది 2015లో పూర్తయింది. 18వ శతాబ్దంలో సైన్యం వేసిన కొరియారిక్ కనుమ దారి మీద నడిచేవాళ్లకు ఇప్పుడు తోడుగా వచ్చేది ఆ స్తంభాల వరుసే. గాలిమర కనీసం గాలి వీచినప్పుడు పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ స్తంభాలకు ఆ గౌరవం కూడా ఎవరూ ఇవ్వరు.

రోడ్లు, పునాదుల వల్ల నేలకు ఏం కాగలదో తెలుసుకోవాలంటే ఐర్లండ్‌లోని డెరీబ్రీన్‌ను చూడాలి. గాల్వే కౌంటీలో స్లీవ్ ఆటీ కొండల మీద పీట్ అనే నేల ఉంది. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు పేరుకుపోయి, నీళ్లు పీల్చుకుని, కాలు దిగబడేలా ఉండే నేల. అక్కడ 70 యంత్రాల కేంద్రానికి పనులు జరుగుతుండగా 2003 అక్టోబరులో కొండవాలు జారిపోయింది. సుమారు 4,50,000 ఘనమీటర్ల పీట్ కదిలి, కింది వాగుల్లో చేరి, దాదాపు 50,000 చేపలు చచ్చిపోయాయి. పర్యావరణ ప్రభావాన్ని సరిగా అంచనా వేయకుండా అనుమతించారని 2008లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆ తప్పును దిద్దుకోనందుకు 2019లో ఐర్లండ్‌కు 50 లక్షల యూరోల జరిమానా, దాని మీద రోజుకు 15,000 యూరోల వడ్డన పడ్డాయి. చివరికి 2022లో ఆ కేంద్రం ఆగిపోయింది. దూరం నుంచి చూస్తే యంత్రాలు ఎలా కనిపిస్తాయన్న ప్రశ్నకు ఈ కథలో పెద్ద చోటు లేదు. కొండను ఎలా తవ్వారు, తవ్విన మట్టిని ఎక్కడ పోశారు, నీళ్లు ఎటు పోయాయి అన్నవే ఇందులో ప్రశ్నలన్నీ. పైగా పీట్ అనేది బొగ్గుపులుసు వాయువును వేల ఏళ్లుగా తనలో దాచుకున్న నేల. దాన్ని ఎండబెట్టి, తవ్విపోసి, ఆ పైన కాలుష్యం లేని కరెంటు తీస్తున్నామంటే లెక్క ఎక్కడో తేడా కొడుతుంది.

నడిచేవాడి కన్ను ఎంత మోసపోగలదో చెప్పడానికి సహ్యాద్రి మీది చాల్కేవాడీ పీఠభూమి మంచి ఉదాహరణ. అక్కడ గాలిమరలున్న చోటునూ లేని చోటునూ పోల్చి చూసిన పరిశోధన 2018లో వెలువడింది. గాలిమరలున్న చోట వేటాడే పక్షులు దాదాపు నాలుగో వంతుకు తగ్గాయి. గద్దల భయం తగ్గడంతో మెడ కింద రంగుల విసనకర్ర విప్పే బల్లులు పెరిగాయి. వాటి ఒంట్లో ఆందోళనకు గుర్తయిన హార్మోను తగ్గింది. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా అవి పారిపోవడం మానేశాయి. ఆ దారిన పోయే మనిషికి ఏమనిపిస్తుందో ఊహించండి. బల్లులు ఎక్కువగా కనిపిస్తాయి, దగ్గరగా కనిపిస్తాయి, ఎంత చక్కటి చోటు అనుకుంటాడు. ఆకాశం ఖాళీ అయిందని అతనికి తట్టదు. దృశ్యాన్నే ప్రమాణంగా పెట్టుకుంటే వచ్చే చిక్కు ఇదే.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పను; గట్టు మీది గాలి హోరులో అది చాలావరకు కలిసిపోతుంది. మంచు పడే దేశాల్లో మాత్రం ఒక ఆచరణాత్మకమైన ప్రమాదం ఉంది. రెక్కల మీద పేరుకున్న మంచుపెళ్లలు తిరిగే రెక్క నుంచి విసిరినట్టు ఎగిరిపడతాయి. దూరం నుంచి తీరిగ్గా తిరుగుతున్నట్టుండే రెక్క కొన నిజానికి గంటకు 250 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది. ఇరుసు ఎత్తునూ రెక్కల చుట్టు వ్యాసాన్నీ కూడి, దానికి ఒకటిన్నర రెట్ల దూరం పాటించమన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. 100 మీటర్ల ఇరుసు, 130 మీటర్ల వ్యాసం అయితే అది 345 మీటర్లు. కాలిబాటకు యాభై అడుగుల్లో యంత్రం నిలబెట్టి, ఆ తరువాత చలికాలంలో కాలిబాటను మూసేస్తున్నామని బోర్డు పెట్టడం న్యాయం కాదు. పక్కకు జరగవలసింది యంత్రం, కాలిబాట కాదు. రాత్రి పూట ఎర్రదీపాలది మరో గొడవ. విమానాల కోసం ఎత్తైన యంత్రాల మీద అవి వెలగాలి, గుడారంలో పడుకున్నవాడికి రాత్రంతా కొండ మిణుకుతూనే ఉంటుంది. దీనికి పరిష్కారం ఉంది: విమానం దగ్గరికి వచ్చినప్పుడే దీపాలు వెలిగే ఏర్పాటు. జర్మనీ దాన్ని తప్పనిసరి చేసింది. మిగతా దేశాలూ చేయవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక అసలు ఎదురు ప్రశ్న. భూమి వేడెక్కడమే కాలిబాటలను ఎక్కువగా నాశనం చేస్తోంది కదా? చేస్తోంది, సందేహం లేదు. తెహాచపీ గాలిమరల మధ్య నుంచి పోయే ఆ పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద నడకను ఆపేసింది గాలిమరలు కాదు, కార్చిచ్చులు. 2021 ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా కాలిఫోర్నియాలోని జాతీయ అడవులను దాదాపు అన్నిటినీ ఒక్కసారిగా మూసేశారు. 2022 జూలై 3న ఇటలీలోని మర్మొలాదా కొండ మీద హిమానీనదం ముక్క విరిగిపడి 11 మంది చనిపోయారు. వాళ్లు ఉన్నది మామూలుగా అందరూ ఎక్కే దారి మీదే. ఒక పూట గాలిమరలు కనిపించాయన్న బాధను ఈ సంగతుల పక్కన పెడితే అది నిలవదు. అందుకే, రోడ్లూ పొలాలూ కలప తోటలూ ఉన్న నేల మీద గాలిమరలు వస్తామంటే నడిచేవాళ్లం అడ్డు చెప్పకూడదని నా నిశ్చితాభిప్రాయం. ప్రతిదానికీ వద్దనేవాడి మాటకు అసలు వద్దనవలసిన చోట విలువ ఉండదు. కానీ ఈ వాదన పవన విద్యుత్తు కావాలని రుజువు చేస్తుందే తప్ప, రోడ్డు లేని ఫలానా గట్టు మీదే కావాలని రుజువు చేయదు. ఆ రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పి దాటేయడం ఈ చర్చలో అలవాటైపోయింది.

చోటును బట్టి కాదనవచ్చు, అవుననవచ్చు అనడానికి మళ్లీ మెయిన్ రాష్ట్రమే సాక్ష్యం. అమెరికా తూర్పు కొండల వెంట సాగే అప్పలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాటకు సమీపంలో ఉన్న రెడింగ్టన్, బ్లాక్ నబుల్ కొండల మీద యంత్రాలకు అక్కడి భూ వినియోగ సంఘం అనుమతి నిరాకరించింది. ట్రెయిల్‌కు దూరంగా కిబీ దగ్గర 44 యంత్రాలకు అదే సంఘం 2008లో సరేనంది. న్యూజిలాండ్‌లోని లామర్‌మూర్ కొండల మీద 176 యంత్రాల ప్రాజెక్ట్ హేస్‌కు మొదట అనుమతి వచ్చింది. 2009లో పర్యావరణ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 2012లో సంస్థే విరమించుకుంది. ఆ తరువాత ఆ దేశాల్లో పవన విద్యుత్తు ఆగిపోలేదు.

నార్వే అనుభవం మరో హెచ్చరిక ఇస్తుంది. ఎవరిదైనా సరే, సాగులో లేని నేల మీద నడిచే హక్కును 1957 నాటి చట్టంలో రాసుకున్న దేశం అది. 1868లో పుట్టిన నడకదార్ల సంఘం అక్కడ పెద్ద ప్రజాశక్తి. 2019లో ప్రభుత్వ సంస్థ గాలిమరలకు అనువైనవంటూ 13 ప్రాంతాలను చూపిస్తూ పటం విడుదల చేస్తే, వ్యతిరేకత వెల్లువెత్తి అదే ఏడాది దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పటం పోయింది గానీ గాలి పోలేదు గదా. దరఖాస్తులను ఒక్కొక్కటిగా చూసే పాత పద్ధతే మళ్లీ మిగిలింది. పటాన్ని ఓడించినందుకు నడిచేవాళ్లు సంతోషించారు, నేనైతే సంతోషించలేకపోయాను. ఎక్కడ వద్దో ముందే తేల్చే అవకాశం దానితోపాటే పోయింది. ఆ దేశంలోనే ఫోసెన్ ద్వీపకల్పంలో 151 యంత్రాల అనుమతులు అక్కడి ఆదివాసులైన సామీ రెయిన్‌డీర్ కాపరుల సంస్కృతి హక్కును ఉల్లంఘించాయని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొండ మీద మన హక్కు గురించి మాట్లాడేటప్పుడు, అక్కడ బతికేవాళ్ల హక్కు మనకన్నా ముందుదని నడిచేవాళ్లం గుర్తుంచుకోవాలి. మనం వచ్చిపోయేవాళ్లం.

పర్యాటకం దెబ్బతింటుందన్న వాదనను మాత్రం నేను వాడను. స్కాట్లాండ్‌లో 2016లో వచ్చిన ఒక ఆర్థిక విశ్లేషణ, గాలిమరలు పెరిగిన చోట్ల పర్యాటక రంగంలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు లేదని తేల్చింది. నమ్మడానికి నాకేమీ ఇబ్బంది లేదు. హోటళ్లు నిండుతున్నాయన్న మాట నిజమే కావచ్చు, రోడ్డు లేని గట్టు ఒకటి తగ్గిందన్న మాటా నిజమే కావచ్చు. మొదటిది రెండోదానికి జవాబు కాదు.

నేను కోరేది కొంతే. రోడ్డు లేని గట్టులకు పటం గీసి, అక్కడికి కొత్త రోడ్డుతో వెళ్లే ప్రతిపాదనను ఆ ఒక్క కారణంతోనే తిరస్కరించాలి. యంత్రాలు ఎన్ని కనిపిస్తాయన్న చర్చ దాకా పోనక్కర్లేదు. మిగిలిన చోట్ల దారి పొడవునా ఎన్ని గంటల నడకలో యంత్రాలు కనిపిస్తాయో లెక్కగట్టి చూపాలి. పాత కేంద్రాల గడువు తీరినప్పుడు కొత్త కొండల కన్నా వాటికే ముందు అవకాశమివ్వాలి. కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమలో 1980లలో పెట్టిన వేలాది చిన్న యంత్రాల చోట ఇప్పుడు చాలా తక్కువ సంఖ్యలో పెద్ద యంత్రాలు పని చేస్తున్నాయి.

అన్నిటికన్నా ముందు తేల్చవలసింది రోడ్డు గడువు. పవన విద్యుత్కేంద్రానికి అనుమతి సాధారణంగా 25, 30 ఏళ్లకు ఉంటుంది. ఆ తరువాత యంత్రాలు విప్పేస్తారు, పునాదిని పైమీటరు దాకా కొట్టేసి మట్టి కప్పుతారు, రోడ్డును మాత్రం చాలాచోట్ల భూయజమాని కోరాడని అలాగే ఉంచేస్తారు. అనుమతి పత్రంలోనే రాయాలి: నిర్మాణం ముగిసిన ఏడాదిలోగా ఐదు మీటర్ల రోడ్డును మరమ్మతు వాహనం పట్టేంతకు కుదించాలి, కోసిన వాలుకు మట్టీ గడ్డీ తిరిగి వేయాలి, ప్రతి తూము కింద నీటి ఉరవడిని తగ్గించే రాతికట్టు ఉండాలి, తెగిన కాలిబాటను రోడ్డుతో పని లేకుండా తిరిగి కలపాలి, గడువు తీరాక రోడ్డును పూర్తిగా తొలగించాలి. దానికయ్యే ఖర్చును అంచనా వేసి పనులు మొదలవక ముందే డిపాజిట్‌గా కట్టించుకోవాలి. యంత్రాలను విప్పే ఖర్చుకు అలాంటి డిపాజిట్‌ను చాలాచోట్ల ఇప్పటికే కట్టించుకుంటున్నారు. రోడ్డుకు కట్టించుకోకపోవడానికి నాకు కారణమేదీ కనిపించదు.